గజేంద్రుని మొర

తెలుగు గృహములలో పోతన భాగవతమును ఆద్యంతము చదివినవారు కొలదిమందియే యుందురు. గజేంద్రమోక్షమును వినని వారుమాత్రము లేరనవచ్చును. బడికి పోని వృద్ధురాలి నోట సైతము అందలి నాలుగైదు పద్యములు తడబాటు లేక వెలువడును. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకును, దిగువ కొల్లేటి లంకలలోను, ఇంట జబ్బు ముదిరినను, వ్యాజ్యము విషమించినను, గాలివాన పట్టినను ఈ ఘట్టమును పారాయణము చేయుట పెద్దల వాడుక. ఇంత ప్రచారము గల కావ్యభాగమునకు విమర్శ యేల యని చదువరు లడుగవచ్చును. ప్రచారము గలదు గనుకనే విమర్శ వలయును. ఎవరును చదువని గ్రంథమును అపార్థము చేసికొనినచో చెడునది గ్రంథ మొక్కటియే. ఇంటింట చదువు గ్రంథమును అపార్థము చేసికొనినచో చెడునది సంసారము.

ఈ కథకు లోకమున వాడుకలో నున్న తాత్పర్య మిట్టిది. మానవుడు బలహీనుడు, ఆపద వచ్చినపుడు వానివలన నగునది లేదు, మొరపెట్టిన చాలును, భగవంతుడు పరుగెత్తి వచ్చి విడిపించును. ఏనుగు చేసిన పని యేమి? పిలిచినది. మనమును పిలుతము. ఈ తాత్పర్యము వినుటకు భక్తివలె నుండును గాని, ఆచరణమున సోమరితనమునకు చాటగుచున్నది. జ్వరము వచ్చిన బిడ్డను ఆస్పత్రికి గొనిపోక మ్రొక్కుబడితో మూడుదినములు గడపువారును, భర్తచేత దెబ్బలు తిను కోడలికి ‘దేవుడే చూచుకొనును, ఓర్చుకొమ్మ’ని హితము చెప్పువారును, మురుగుకాలువ పూడినదని యెరిగియు వరద వచ్చినపుడే చేతులు జోడించువారును ఈ తాత్పర్యమునే నమ్ముకొని యున్నారు. ఇది పోతనగారి తాత్పర్య మగునా కాదా యనునది ఈ వ్యాసమున విచారింపవలసిన విషయము.

మొదట కథను కథగా చూతము. అష్టమస్కంధమున శుకుడు పరీక్షిత్తునకు దీనిని చెప్పుచున్నాడు. త్రికూటపర్వతముమీద నొక మదపుటేనుగు తన పరివారముతో దాహార్తిని తీర్చుకొన నొక సరస్సునకు వచ్చి, అందు యథేచ్ఛగ జలక్రీడ లాడుచుండగా మొసలి దాని కాలు పట్టుకొన్నది. అప్పుడు ఏనుగు మొరపెట్టినదా? లేదు. పోరాడినది. ఒకదినము గాదు, ఒక సంవత్సరము గాదు, వేయి సంవత్సరములు పోరాడినదని వ్యాసుడును, ఆయన ననుసరించి పోతనయు చెప్పుచున్నారు. మన పారాయణములలో మొరయే మిగిలి ఈ వేయేండ్లు జారిపోయినవి. కథకు ముందుభాగమును తీసివేసి వెనుకభాగమును మాత్రము నమ్ముట, కూలి చేయక జీతము కోరుటవంటిది.

బడిలో ఈ ఘట్టమును చెప్పుచుండగా నొక బాలుడు నన్ను, ‘వేయేండ్లు దేవుడేమి చేయుచుండెనండీ?’ యని యడిగెను. తరగతి నవ్వెను గాని ప్రశ్న నవ్వదగినది కాదు. ఆ కాలమున భగవంతు డేమి చేయుచుండెనో కవి చెప్పలేదు. ఏనుగు ఏమి చేయుచుండెనో మాత్రము విపులముగ జెప్పెను. ఒకమారు అది మొసలిని ఒడ్డునకు లాగును. ఒకమారు మొసలి దానిని లోనికి లాగును. దినములు గడచినకొలది ఏనుగు బలము తగ్గుచున్నది. మొసలి బలము పెరుగుచున్నది. కవి తనకు తెలియనిదానిని కల్పింపక, జీవుని చేతిలోనున్న భాగమును మనకు చూపెను. ఆ బాలునికి నేను చెప్పిన సమాధానము నింతియే.

మొసలి బలము పెరుగుట కేమి కారణము? అది యున్నచోటు. మొసలి నీటిలోనిది, ఏనుగు నేలమీదిది. స్థానబలమును గూర్చిన వేమన పద్యము నెరుగని తెలుగువాడు లేడు; ఆయన ఎత్తుకొన్న దృష్టాంతమును ఈ ఏనుగు మొసళ్లదే. కొల్లేటి ప్రాంతమువారికి ఈ మాటను వేరుగ బోధింప నక్కరలేదు. మెరకమీద నెంతటి బలశాలియైనను మోకాలిలోతు అడుసులో దిగబడినచో, తన బరువే తనకు శత్రువగును. కాలు పైకి లాగినకొలది రెండవ కాలు దిగును. గజేంద్రుని స్థితి సరిగ నట్టిది. ఆతడు చేతగానివాడు గాడు. తన బలము చెల్లని చోట చిక్కుకొన్నవాడు. తేరిపారజూచిన, మనకు మించిన ఆపదలన్నియు నిట్టివే. విద్యావంతుడు ఋణమున జిక్కినను, ఓపికగల ఇల్లాలు మందులేని రోగమునకు లోబడినను, లోపించినది బలము గాదు, బలము చెల్లు తావు. ఈ భేదమును గుర్తించినవాడే ‘నావలన గాద’ని చెప్పుట కర్హుడు. ప్రయత్నింపకయే ఆ మాట చెప్పువాడు తన కొలతను తా నెరుగడు.

గజేంద్రుని మొరకు ముందు పోతన యొక చిన్న స్వగతమును పెట్టెను. అడవిలో ఏనుగుల మన్ననలందుచు చల్లని నీడలలో సుఖముగ నుండదగిన నేను, నీటిపై నాశచే ఇచ్చటి కేల వచ్చితినని ఆ యేనుగు తన్ను తానే ప్రశ్నించుకొన్నది. పరుల నిందించుటకు ముందు తన నడతను తాను విమర్శించుకొన్నది. ఇది ప్రార్థనకు తొలిమెట్టు. అంతకుముందు వర్ణించిన జలక్రీడ అతివిస్తరమని కొందరు విమర్శకు లాక్షేపింతురు. ఆ విలాసమును మనము కన్నులార చూడనిచో ఈ పశ్చాత్తాపమునకు బరువు చాలదు. కనుక ఆ విస్తరము దోషము గాదు.

ఇక పరివారము మాట. సంస్కృతమూలమున తక్కిన యేనుగులు వెనుకనుండి పట్టి లాగజూచి విఫలములైనవి. పోతన చిత్రించినది వేరు. పోరుచున్న తమ రాజును ఒంటరిగ విడిచిపోలేక ఆడయేనుగుల గుంపు చూచుచు నిలిచియున్నదని ఆయన వ్రాసెను. వానికి సాయము చేయు శక్తి లేదు. విడిచిపోవు మనసును లేదు. రోగిమంచము ప్రక్క రాత్రులు మేల్కొని కూర్చుండిన యిల్లాండ్ర కిందలి సత్యము తెలియును. విడిపించుట మనచేత గాకపోవచ్చును, విడువకుండుట మనచేతనగును. కథను విని ‘దేవుడే దిక్కు’ అని లేచిపోవు చుట్టములు ఈ యాడయేనుగులపాటి చేయరు.

పిమ్మట స్తుతి. వ్యాసుని గజేంద్రుడు పూర్వజన్మమున నేర్చిన స్తోత్రమును స్మరించి, గంభీరమైన వేదాంతభాషలో పరబ్రహ్మమును కీర్తించును. పోతనయు నా భాషతోనే యారంభించెను. జగత్తు పుట్టుటకును నిలుచుటకును లయించుటకును కారణమైన వానిని శరణు వేడెను. కాని ఆయన అచ్చట నాగలేదు. కొంతదూరము పోయినపిదప వేదాంతము వెనుకబడి, లోకులందరు ఉన్నాడని చెప్పెడి ఆ దైవము తనపాలికి నిజముగ నున్నాడో లేడో యని గజేంద్రుడు సంశయించుచున్నాడు. మూలమున ఈ సంశయ మింత నగ్నముగ కానరాదు. ఇది పోతన తెలుగువారికిచ్చిన గొప్ప కానుక యని నా యభిప్రాయము. భక్తకవులలో అగ్రగణ్యుడు, రాజులకుగాక రామునికి కావ్యము నంకితము చేసినవాడు, తన కథానాయకుని నోట నాస్తికుని ప్రశ్నను పలికించెను. పలికించియు దానిని పాపముగ నెన్నలేదు. సంశయించినందుకు ఆ యేనుగును భగవంతుడు దండింపను లేదు. కష్టమున నున్నవాడు ‘దేవుడున్నాడా’ యని వాపోయినపుడు, ‘అపచార’మని వాని నోరు మూయువారు పోతనకంటె భక్తులా?

సంశయము తరువాతనే అసలైన శరణాగతి వచ్చినది. బలము తరిగినది, ధైర్యము చెదిరినది, ప్రాణములు చలించుచున్నవి, దేహము సొలసినది. నీవుతప్ప వేరొకరి నెరుగనని ఏనుగు పిలిచినది. ఈ క్రమమును గమనింపుడు. పోరాటము, ఆత్మవిమర్శ, స్తుతి, సంశయము, శరణాగతి. వైష్ణవాచార్యులు కార్పణ్యమును శరణాగతి కంగముగ జెప్పిరి. కార్పణ్యమనగా తన యశక్తిని నిష్కపటముగ నొప్పుకొనుట. నిష్కపటముగ నొప్పుకొనవలెనన్న ఆ యశక్తి పరీక్షితమై యుండవలెను గదా. సోమరి కార్పణ్యము కార్పణ్యము గాదు, కాపట్యము.

భగవంతుడు వచ్చిన తీరున మూలమునకును తెనుగునకును గల వ్యత్యాసము ప్రసిద్ధము. వ్యాసుని హరి చక్రధారియై గరుడునిపై దేవతలు స్తుతింప వచ్చును. పోతన హరి ఆయుధములు ధరింపలేదు, పరివారమును పిలువలేదు, వాహనమును సిద్ధపరుపలేదు, ప్రక్కనున్న లక్ష్మికైన మాట చెప్పలేదు. చేత చిక్కిన ఆమె కొంగునైన వదలలేదు. ఏమి జరిగెనో తెలియక ఆమె అడుగబోవుటయు, అడుగక వెనుదీయుటయు, ఆ తొట్రుపాటంతయు తెలుగింటి యిల్లాలిదే. ఇందు హాస్యము గలదు, కరుణ గలదు. వానిని మించిన విషయ మొకటి గలదు. దుఃఖితుని పిలుపు విన్నపుడు మర్యాదలు చూచుకొనుచు కూర్చుండరాదని కవి భగవంతుని నడతచేతనే బోధించెను. గజేంద్రుడు మనకు మొరపెట్టుట నేర్పినచో, శ్రీహరి మనకు మొర వినుట నేర్పుచున్నాడు. మనము మొదటి పాఠమును మాత్రము వల్లించి రెండవదానిని విడిచితిమి. భక్తుడు తన దేవునివలె కాదలచినచో, పొరుగింట ఏడ్పు వినబడినపుడు ఉత్తరీయము సవరించుకొనక పరుగెత్తవలెను.

ఇంతవరకు మెచ్చుకొంటిని. ఇక మెచ్చరాని దొకటి గలదు. మొసలి చచ్చినపిదప కథ పూర్వజన్మమునకు బోవును. గజేంద్రుడు పూర్వము ఇంద్రద్యుమ్నుడను పాండ్యరాజట. అగస్త్యుడు వచ్చినపుడు లేచి మర్యాద చేయనందున శాపము పొందెనట. మొసలి హూహూ యను గంధర్వుడట. దేవలముని శాపమున నట్లయ్యెనట. ఇది మూలమునం దున్నదే. పోతన కల్పించినది గాదు. అనువాదకునిగ ఆయన విడువరాకపోయెను. కావ్యముగ మాత్రము ఇది ఆ మొరకు న్యూనతను దెచ్చినది. అంతటి వేదనకు కారణము లేచి నిలువకపోవుటయా యని పాఠకుని మనసు చివుక్కుమనును. కావ్యదోషముకంటె దీనివలన లోకమున గలిగిన దోషము పెద్దది. బాలవితంతువును చూచి, కుష్ఠురోగిని చూచి, పంట పోయిన కౌలుదారుని చూచి ‘పూర్వజన్మ కర్మ’ మని తలపంకించి పోవుటకు ఇట్టి యుపాఖ్యానములు మన కలవాటు చేసినవి. యూదుల గ్రంథములలో యోబు కథ యొకటి గలదు. సర్వము గోల్పోయి బూడిదలో గూర్చున్న ఆ సజ్జనునివద్ద మిత్రులు ముగ్గురు ఏడుదినములు మాటాడక కూర్చుండిరి, అంతవరకు మంచివారే. పిదప నోరు తెరచి, నీ పాపమే ఇందులకు కారణమని వాదింపసాగిరి. కథాంతమున దేవుడు కోపించినది తన్ను నిలదీసిన యోబుమీద గాదు, కారణములు చెప్పిన ఆ మిత్రులమీద. మన యుపాఖ్యానమునకు ఈ కథ మంచి వ్యాఖ్య.

న్యాయము తప్పక ఒకమాట చెప్పవలెను. ఆ శాపకథయందే యొక మేలును గలదు. చక్రము తాకినపుడు మొసలికిని విముక్తి కలిగినది. పట్టువడినవాడును, పట్టినవాడును ఇరువురును బంధితులే. సాయము ఇరువురికిని వచ్చినది. శత్రువు నశింపవలెనని మ్రొక్కు మ్రొక్కుబడులకు ఈ కథలో తావులేదు.

ఫలశ్రుతి సంగతియు నిట్టిదే. దుస్స్వప్నములు పోవునని, కలిదోషము తొలగునని చెప్పినవాక్యములు వినువారిని చదువునకు పురికొల్పుటకై యేర్పడినవి. వానినే గ్రంథార్థముగ దీసికొని చీట్లవలె వాడుకొనుట, మందుసీసామీది చీటిని నమలి మింగుటవంటిది.

ఇక రెండవ పక్షము. నాతోటి చదువుకొన్నవారిలో కొందరు, ఇంత సవరించుకొనుట యేల, దైవసాహాయ్య మనునదియే మిథ్య యని త్రోసివేయుదురు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై బడిన ఉప్పెనలో వేలకొలది జనులు మృతినొందిరి; వారిలో మొరపెట్టనివా రుండిరా, ఏ చక్రము వచ్చినది యని వీ రడుగుదురు. ఈ ప్రశ్న కఠినమైనది. దీనికి తేలికయైన సమాధానము చెప్పువాడు వంచకుడు. కాని భాగవతము దీని నెరుగని గ్రంథము గాదు. ఈ కథను విన్నవాడెవడు? ఏడుదినములలో పాముకాటున చావనున్న పరీక్షిత్తు. అతడు గజేంద్రమోక్షమును శ్రద్ధగ విన్నాడు. ఏడవదినమున తక్షకుడు వచ్చెను, రాజు మరణించెను. అతనికొరకు ఎవరును పరుగెత్తి రాలేదు. రావలెనని అతడు కోరను లేదు. అతనికి లభించినది భయములేమి. ఆపదనుండి తప్పింపబడిన యేనుగును, తప్పింపబడని రాజును ఒకే గ్రంథమున నొకరికథ నొకరు వినునట్లు కూర్చిన వ్యాసుడు, దైవసాహాయ్యమనగా ఎల్లప్పుడును తప్పించుటయే యని భావింపలేదని స్పష్టము.

ఈ యర్థమును మన దేశకాలములకు సరిచూచికొందము. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపినపుడు వీరేశలింగముపంతులుగారికి పీఠాధిపతుల బహిష్కారమును, బంధువుల యెడబాటును తప్పలేదు. పనివారు మానుకొనగా రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్లు మోసి తెచ్చిరి. పంతులుగారు విగ్రహారాధనమును ఖండించినను ఈశ్వరుని నమ్మినవారు, ప్రార్థనసమాజమును స్థాపించినవారు. ఆయన ప్రార్థన పనికి మారుగ గాదు, పని నడుమ వచ్చినది. విడువక నిలిచిన ఆ యిల్లాలు పోతన కాంచిన ఆడయేనుగుల తెగలోనిది.

గోదావరిమీద ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టబడినది. అంతకుముందు 1833 నాటి కరవునం దీ తెలుగుదేశమున జనులు మొరపెట్టకపోలేదు. నేటికిని గోదావరి స్నానమున కాటనుదొరను భగీరథునితో పోల్చి స్మరించు శ్లోకమొకటి వాడుకలో నున్నది. ఆ శ్లోకమును కట్టిన పండితుడు దైవసాహాయ్యము మనుష్యుల చేతులగుండ వచ్చునని యెరిగినవాడు.

2020 డిసెంబరున ఏలూరులో వందలకొలది జనులు హఠాత్తుగ మూర్ఛిల్లి ఆస్పత్రి పాలైరి. కారణ మెవరికిని తెలియని ఆ దినములలో గుడులలోను, చర్చిలలోను, మసీదులలోను ప్రార్థించుట సహజమే. కాని ఆ రాత్రులు నిద్రలేక రోగులను చూచిన వైద్యులను, దాదులను, రక్తమును నీటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులను ఆ ప్రార్థనలకు వెలిగా నుంచుట యెట్లు?

కొల్లేటి సంగతి కడపటిది. కృష్ణా గోదావరుల నడుమ పల్లమున నున్న ఈ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులు నీటిని దెచ్చును. ఉప్పుటేరు ఒక్కటియే సముద్రమునకు గొనిపోవును. 1999లో అయిదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్లకు పైగా అభయారణ్యముగ బ్రకటింపబడినది; 2002లో రామ్‌సర్ ఒప్పందపు జాబితాలో జేరినది. అయినను చేపలచెరువుల గట్లు నీటిదారి కడ్డుపడినవి. 2006లో ప్రభుత్వము వానిని కొట్టింపవలసివచ్చెను. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు కట్టలు తెగి విజయవాడ పేటలు దినములతరబడి నీట నున్నవి. ఆ వాగు చేరుచోటును కొల్లేరే. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు మ్రొక్కుట తప్పని నే ననను. ఆ లంకలోనే యొక గాథ గలదు: యుద్ధసమయమున సరస్సునీటిని సముద్రమునకు తీయ త్రవ్విన కాలువ సఫలమగుటకై సేనాధిపతి యొకడు తన కూతునే బలియిచ్చెనని, ఆ కాలువకు పేరంటాలకనుమ యని పే రందుచేత వచ్చెనని చెప్పుకొందురు. సాయముకొరకు తన బిడ్డను దేవత కర్పించు భక్తి యొకటి; తన బలమంతయు వెచ్చించి మిగిలిన ప్రాణమును మాత్రము పైకెత్తి చూపు భక్తి మరియొకటి. మొదటిదానిలో వెల యితరులు చెల్లింతురు. నీటిదారి మూసి లాభము మనము దీసికొని, వరద వచ్చినపుడు ముంపునకు లంకలలోని పేదల నప్పగించి దేవుని పిలుచుట, ఆ సేనాధిపతి భక్తికి దగ్గర, గజేంద్రుని భక్తికి దూరము.

కావున గజేంద్రమోక్షమును ఇండ్లలో చదువుట మానవలదు. మొరతో నారంభింపక వేయేండ్ల పోరుతో నారంభించి చదువవలయును. సంశయమును చెప్పు పద్యమువద్ద పిల్లల నాపి, ఇట్లడుగుట తప్పు గాదని చెప్పవలయును. శాపకథవద్ద, కష్టపడువారికి ఈ మాట నెన్నడును చెప్పరాదని హెచ్చరింపవలయును. భగవంతుడు పరుగెత్తు పద్యమువద్ద, మన వీధిలో నిప్పుడెవరు పిలుచుచున్నారో యొకసారి చెవియొగ్గి వినవలయును.